ప్రైవేట్‌లో కన్వీనర్ కోటా సీటా, కొత్త గవర్నమెంట్ కాలేజీనా: 2024 తెలంగాణ ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లో నేను చూసిన ఒక కేసు

నేను గైనకాలజిస్టుని. వరంగల్ కాకతీయలో చదివా, ఎంజీఎంలో, సీకేఎంలో, హన్మకొండ మెటర్నిటీలో హౌస్ సర్జన్సీ, అంటే ఇంటర్న్‌షిప్, చేశా. మన దగ్గర ఎంసెట్ పోయి 2017లో నీట్ వచ్చిన దగ్గర్నుంచి తెలిసినవాళ్ల పిల్లలకి వెబ్ ఆప్షన్లు, అంటే ఆన్‌లైన్‌లో కావలసిన కాలేజీల జాబితా, పెట్టించడం మొదలైంది, ఇప్పుడు ప్రతి ఏడాది ఆ మూడు నెలలు సాయంత్రం ఓపీ అయిపోయాక ఒక గంట దీనికే పోతుంది. డబ్బులు తీసుకోను. చాలా కేసులు పది నిమిషాల్లో తేలిపోతాయి, ఉస్మానియా వస్తే ఉస్మానియా, గాంధీ వస్తే గాంధీ, అందులో నేను చెప్పేది ఏమీ ఉండదు. ఈ కేసు మాత్రం వారం పట్టింది. ఇలాంటి పరిస్థితిలోనే ఉన్న తల్లిదండ్రులు ఏటా అడుగుతున్నారు కాబట్టి మొత్తం రాస్తున్నా. కాలేజీల పేర్లు, ఇంటివాళ్ల పేర్లు రాయను.

అమ్మాయి గురుకులంలో చదివింది, పదో తరగతి దాకా క్లాసులో సగం తెలుగులోనే నడిచేదట. నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ ఒక ఏడాది. నాన్నది మండల కేంద్రంలో కిరాణా కొట్టు, అమ్మ బట్టలు కుడుతుంది, తమ్ముడు ఇంటర్. ఇంట్లో డాక్టర్ కాదు కదా, డిగ్రీ చేసినవాళ్లు కూడా ఎవరూ లేరు. మొదటి విడతలో హైదరాబాద్ దగ్గర ఒక ప్రైవేట్ కాలేజీలో కన్వీనర్ కోటా సీటు వచ్చింది, అదే "A" కేటగిరీ, ఏడాదికి 60,000 ట్యూషన్ ఫీజు. జాయిన్ అయిపోయారు, ఒరిజినల్స్ ఇచ్చేశారు. అక్టోబర్‌లో రెండో విడత ఆప్షన్లు తెరిచారు. కిందటేడు కటాఫ్ చూస్తే ఒక జిల్లా కేంద్రంలో 2022లో పెట్టిన గవర్నమెంట్ కాలేజీ ఆమెకి తగిలే ఛాన్స్ గట్టిగా ఉంది. అక్కడ ఫీజు 10,000.

ఇక్కడ చాలామంది దెబ్బతినే పాయింట్ ఒకటి ఉంది. రెండో విడతలో ఆప్షన్ పెట్టి అది అలాట్ అయ్యిందంటే ముందు సీటు దానంతట అదే పోతుంది, ఆ సీటు అప్పటికే వేరేవాళ్లకి వెళ్లిపోతుంది, మళ్లీ కావాలన్నా రాదు. "ఊరికే పెట్టి చూద్దాం, వస్తే అప్పుడు ఆలోచిద్దాం" అనడం కుదరదు. చేతిలో ఉన్న సీటు కంటే నిజంగా ఎక్కువ కావాలి అనుకున్న కాలేజీ మాత్రమే పెట్టాలి, అంటే నిర్ణయం సబ్మిట్ నొక్కకముందే అయిపోవాలి. వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చేసరికి మీసేవ అబ్బాయి పదిహేడు కాలేజీలు ఎక్కించి సేవ్ చేసి పెట్టాడు, అందులో ఇంటికి 250 కిలోమీటర్ల దూరంలో ఉన్నవి, ఆ ఏడాదే తెరుస్తున్నవి కూడా ఉన్నాయి. ముందు అవన్నీ తీసేయించా.

అందరూ ఇచ్చిన సలహా ఒకటే, గవర్నమెంట్ అంటే గవర్నమెంటే. వాళ్ల బంధువుల్లో ఒక ఆర్ఎంపీ మాత్రం "కొత్త కాలేజీల సార్లు లేరు, బిల్డింగ్ లేదు, బిడ్డ బతుకు ఆగం జేయకు" అని భయపెట్టాడట. నాన్న నన్ను అడిగింది సూటిగా, "మేడం, ఇద్దర్ల ఎవలు నిజం జెప్తున్నరు?"

నాకు అప్పటికప్పుడు జవాబు రాలేదు, ఎందుకంటే 2017లో ఒక అబ్బాయికి నేను తప్పు సలహా ఇచ్చా. వాళ్లమ్మకి ఒంట్లో బాగుండదు, ఇంటికి దగ్గరుంటాడని దూరపు జిల్లా గవర్నమెంట్ కాలేజీ వదిలేసి సిటీ పక్కన ప్రైవేట్ పెట్టించా. కాలేజీ చూశా, లైబ్రరీ చూశా, పెద్ద బిల్డింగ్, హాస్పిటల్ వైపు మాత్రం ఓపీ హాల్ దాకే వెళ్లా. ఆ అబ్బాయి ఇంటర్న్‌షిప్ కూడా ముగించి 2023లో నా దగ్గరే డ్యూటీ డాక్టర్‌గా చేస్తానని వచ్చాడు. తెలివైనవాడు, థియరీ ఏది అడిగినా చెప్తాడు. ఎపిసియోటమీ (కాన్పులో దారికి పెట్టే కోత) కుట్టు వేయమంటే చేయి వణికింది. ఏడాది మొత్తం మీద చూసిన డెలివరీలు ఎన్ని అని అడిగితే "నాలుగైదు మేడం, మిగతావి లాగ్ బుక్‌లో రాసుకున్నాం" అన్నాడు, ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం చూడలేకపోయా. వాడి తప్పు కాదు అది. నేను ఆ హాస్పిటల్‌లో లేబర్ రూమ్ తలుపు తీసి చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

కాబట్టి ఈసారి నా కండిషన్ ఒకటే, రెండూ మనం వెళ్లి చూద్దాం, మామూలు పనిరోజు, పొద్దున 8:30కి, కాలేజీ కాదు హాస్పిటల్, నేను కూడా వస్తా.

వెళ్లేముందు డబ్బు లెక్క కాగితం మీద వేశాం. ప్రైవేట్‌లో ట్యూషన్ 60,000 అన్నది అందరికీ కనిపించే అంకె, కానీ వాళ్లు ఇచ్చిన రసీదుల ప్రకారం హాస్టల్, మెస్ కలిపి 1,70,000, ఇతర ఫీజులు అని ఇంకో 30,000, మొత్తం ఏడాదికి 2,60,000. నాలుగున్నరేళ్లకి 11,70,000. గవర్నమెంట్ వైపు ఫీజు, మెస్, రాకపోకలు అన్నీ ఉదారంగా వేసుకున్నా ఏడాదికి 75,000 దాటలేదు, అంటే 3,37,500. తేడా 8 లక్షల పైనే. రీయింబర్స్‌మెంట్ వస్తదా అని నాన్న అడిగాడు, వస్తే వచ్చినప్పుడు చూద్దాం, ముందు కట్టేది మీరే కాబట్టి లెక్కలో కలపొద్దు అన్నా. కొట్టు మీద నెలకి అన్నీ పోను మిగిలేది 25,000, 30,000. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని "పైసల్ది నేను జూసుకుంట, పొలం ఉంది, సదువు ఏడ మంచిగుంటదో అది జెప్పుండ్రి" అన్నాడు. పొలం అంటే ఎకరం పావు.

ప్రైవేట్ కాలేజీ ముందు చూశాం. న్యాయంగా చెప్పాలి, అనాటమీ డిపార్ట్‌మెంట్ చాలా బాగుంది. డిసెక్షన్ హాల్లో ఎనిమిది బాడీలు, మ్యూజియంలో స్పెసిమెన్లు లేబుల్ సహా శుభ్రంగా, ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన ప్రొఫెసర్ ఒకాయన మాతో అరగంట కూర్చున్నారు, అమ్మాయితో తెలుగులో మాట్లాడారు. గురుకులం నుంచి వచ్చిన పిల్లకి మొదటి ఏడాది అలాంటి సార్ దొరకడం చిన్న విషయం కాదు, ఎందుకంటే ఎంబీబీఎస్‌లో మన పిల్లలు పడిపోయేది ఫస్ట్ ఇయర్‌లోనే, ఫస్ట్ ఇయర్ పాస్ అవ్వడానికి జాతీయ మెడికల్ కమిషన్ (ఎన్‌ఎంసీ) ఇచ్చేది నాలుగు అటెంప్టులే.

తర్వాత హాస్పిటల్ వైపు వెళ్లాం. 150 సీట్ల కాలేజీకి నిబంధన ప్రకారం 605 బెడ్లు ఉండాలి, బెడ్లు ఉన్నాయి, దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి. ఒక మెడికల్ వార్డులో 30 మంచాలకి 9 మంది. ఓపీలో జనం ఉన్నారు, కాలేజీ బస్సులు ఊళ్ల నుంచి తీసుకొస్తాయి, అందులో తప్పేం లేదు, ఉచితంగా చూస్తారు, కళ్లద్దాలు ఇస్తారు, ఊరివాళ్లకి మేలే. కానీ వాళ్లు మధ్యాహ్నం భోజనం తర్వాత అదే బస్సులో వెళ్లిపోతారు. అడ్మిట్ అయ్యేవాళ్లు తక్కువ. లేబర్ రూమ్‌లో రెండు టేబుళ్లు, ఒకరూ లేరు, సిస్టర్ రిజిస్టర్‌కి గీతలు కొడుతోంది. ఇద్దరు ఇంటర్న్ అమ్మాయిలు కనిపిస్తే పక్కకి పిలిచి అడిగా, నిన్న రాత్రి డ్యూటీలో ఏం చేశారమ్మా అని. "పీజీలు చూసుకుంటారు మేడం, మేం ఎంట్రీలు చేస్తాం." ఉన్న కొద్ది కేసులూ పీజీలకే సరిపోతున్నాయి.

ప్రైవేట్ అన్నీ ఇలాగే ఉంటాయని నేను అనను. ఆరోగ్యశ్రీ కేసులతో వార్డులు నిండిపోయి రాత్రి రెండింటికి కూడా థియేటర్ నడిచే ప్రైవేట్ కాలేజీలు ఉన్నాయి, వాటిలో చదివినవాళ్లు నా దగ్గర పనిచేస్తున్నారు కూడా. చూసి తెలుసుకోవాలి అంతే, అదీ ఇన్‌స్పెక్షన్ లేని రోజు చూడాలి.

రెండు రోజుల తర్వాత జిల్లాకి వెళ్లాం. కొత్త గవర్నమెంట్ కాలేజీ అన్నామే గానీ హాస్పిటల్ కొత్తది కాదు, దశాబ్దాలుగా ఆ జిల్లాకి ఉన్న పెద్దాసుపత్రే అది, ముందు వైద్య విధాన పరిషత్ కింద ఉండేది, కాలేజీ వచ్చాక వైద్య విద్యా శాఖ (డీఎంఈ) కిందకి మార్చి టీచింగ్ హాస్పిటల్ అని బోర్డు పెట్టారు. ఇది తల్లిదండ్రులకి అర్థం అవ్వాలి, కాలేజీ వయసు వేరు, ఆసుపత్రి వయసు వేరు. ఆసుపత్రి పాతదై జనం అలవాటు పడి ఉంటే ఆ కొత్త కాలేజీని నేను కొత్తదిగా లెక్కపెట్టను.

ఓపీ చిట్టీల లైను గేటు బయట చాయ్ బండి దాకా ఉంది. క్యాజువాలిటీలో మేం నిలబడ్డ ఇరవై నిమిషాల్లో ఒక పాము కాటు వచ్చింది, పత్తి చేలో కరిచిందట, వెనకే ఒక పురుగుల మందు కేసు, ముక్కులోంచి పైపు వేస్తుంటే వాసన హాలంతా నిండింది. అమ్మాయి ముక్కు మూసుకోలేదు. నేను అది గమనించా.

లేబర్ రూమ్ బయట గోడకి తెల్ల బోర్డు, దాని మీద గడిచిన 24 గంటల లెక్క నీలం మార్కర్‌తో రాసి ఉంది, నార్మల్ 11, సిజేరియన్ 9, రిఫర్ 2. లోపల నాలుగు టేబుళ్లూ నిండే ఉన్నాయి, బెంచీ మీద ఇంకో ముగ్గురు నొప్పులతో. ఒక డ్యూటీ మేడం, ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయమ్మ. పార్టోగ్రాఫ్ (కాన్పు ఎంతవరకు వచ్చిందో రాసే చార్ట్) సగమే నింపారు, నింపడానికి చేతులు లేవు. నాకు వరంగల్ సీకేఎం ప్రసూతి ఆసుపత్రి గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ల వయసులో ఒక పెద్ద సిస్టర్ నా చేతి మీద చేయి వేసి "పట్టుకో డాక్టరమ్మా, జారనియ్యకు" అని నేర్పింది, నేను ఇప్పటికీ బిడ్డ తలని అలాగే పడతా.

ఇక లోపాలు. అవి కూడా అంతే స్పష్టంగా కనిపించాయి. డిసెక్షన్ హాల్లో 100 మందికి రెండే బాడీలు. అనాటమీలో ప్రొఫెసర్ పోస్టు ఖాళీ, అసిస్టెంట్ ప్రొఫెసర్లు ఇద్దరు, చిన్నవాళ్లు, పాపం కష్టపడుతున్నారు. కొంతమంది ఫ్యాకల్టీ హైదరాబాద్ నుంచి వచ్చిపోతుంటారని పిల్లలే చెప్పారు. న్యూరోసర్జరీ లాంటివి లేవు, తలకి దెబ్బ తగిలితే నేరుగా సిటీకే పంపుతారు. ఇంకో పెద్ద లోటు చాలామందికి తట్టదు, ఆ కాలేజీలో హౌస్ సర్జన్లు లేరు, పీజీలు లేరు. 2022 బ్యాచే అక్కడ అందరికంటే సీనియర్లు. మేం ఎంజీఎంలో నేర్చుకున్నదాంట్లో సగం ప్రొఫెసర్ల దగ్గర కాదు, రాత్రి పూట సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకున్నాం. ఇక్కడ ఆ మెట్టు లేదు. చేయడానికి పని ఉంది, చూపించే అన్నా అక్కా లేరు.

పర్మిషన్ పోతే ఎట్లా అని కూడా అడిగాడు నాన్న, ఆర్ఎంపీ చెప్పిన భయమే అది. కొత్త కాలేజీకి ముందు ఎల్‌ఓపీ (పర్మిషన్ లెటర్) ఇస్తారు, అది ఏటా రెన్యూవల్, మొదటి బ్యాచ్ బయటికి వచ్చే టైముకి రికగ్నిషన్. గవర్నమెంట్ కాలేజీలకి ఫ్యాకల్టీ కొరత మీద నోటీసులు వస్తూనే ఉంటాయి, ఆ తర్వాత 2025లో కూడా మన రాష్ట్రంలో చాలా కాలేజీలకి షోకాజ్ ఇచ్చి, సర్కారు సర్దుకుంటామని చెప్పాక కొనసాగించారు. నడి మధ్యలో పిల్లలు రోడ్డున పడటం మన దగ్గర చూసింది 2022లో, అప్పుడు మూడు ప్రైవేట్ కాలేజీల పర్మిషన్ ఎన్‌ఎంసీ వెనక్కి తీసుకుంటే పిల్లలు నెలలు తిరిగి తిరిగి చివరికి వేరే కాలేజీల్లో సర్దుబాటు అయ్యారు. కాబట్టి ఆ భయం పెట్టుకుంటే రెండు వైపులా పెట్టుకోవాలి అని చెప్పా.

వాళ్లమ్మ అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి బయల్దేరేముందు నా కొంగు పట్టుకుని లాగింది. "మేడం, నైటు డ్యూటీ ఉంటదంట గదా ఆడపిల్లలకి. గా పండుకునే రూము ఏడుంటది, ఒకసారి జూద్దామా?" ఆగస్టులో కలకత్తా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయిని చెరిచి చంపి అప్పటికి రెండు నెలలే. ఆ తల్లి టీవీలో అంతా చూసింది, మనసులో పెట్టుకుని మాతో తిరుగుతోంది, నాకు మాత్రం ఆ ప్రశ్న తట్టనే లేదు, ఇరవై ఏళ్లు అలాంటి గదుల్లో పడుకుని లేచినదాన్ని. సిస్టర్‌ని అడిగి వెళ్లాం. మొదటి అంతస్తు చివర, స్టోర్ రూమ్ పక్కన. తలుపుకి గడియ ఊడిపోయి ఉంది, దాని బదులు బ్యాండేజీ గుడ్డ రెండు వరసలు మెలితిప్పి మేకుకి కట్టుకుంటున్నారు. ఆమె ఆ గుడ్డని వేళ్లతో పట్టుకుని చూసింది, వదిలేసింది. హాస్టల్ కూడా అద్దె బిల్డింగే, కాలేజీకి మూడు కిలోమీటర్లు, మధ్యలో ఒక అర కిలోమీటరు లైట్లు లేవు.

ఆ సాయంత్రం మా ఇంట్లోనే కూర్చున్నాం, ఆప్షన్లకి ఇంకో రోజు టైముంది. నా అభిప్రాయం చెప్పా. జిల్లా కాలేజీలో లేనివాటిని రెండు కుప్పలుగా వేయండి, బయట నుంచి తెచ్చుకోగలిగినవి, తెచ్చుకోలేనివి. అనాటమీకి పాఠాలు, నోట్సు, బోన్ సెట్ (చదువుకునే ఎముకలు) బయట దొరుకుతాయి, కష్టమే గానీ దొరుకుతాయి. హాస్టల్‌కి బస్సు, గదికి గడియ, దారికి లైట్లు అడిగి పోరాడితే వస్తాయి, తల్లిదండ్రులు కలిసి అడగాలి. ప్రైవేట్‌లో లేనిది పేషెంట్లు. పేషెంట్‌ని బయట కొనుక్కోలేం, కోచింగ్‌లో దొరకదు, యాప్‌లో దొరకదు. పీజీ ఎంట్రన్స్ అందరికీ ఒకటే పేపర్, అక్కడ కాలేజీ పేరు అడగరు, కానీ ఆ తర్వాత నలభై ఏళ్లు చేతితోనే బతకాలి. పిల్లకి ఇంగ్లిష్ భయం మరీ ఎక్కువుంటే, ఒంటరిగా ఉండలేని మనిషైతే నేను ప్రైవేటే చెప్పేదాన్ని, ఇద్దరు ముగ్గురికి అలా చెప్పా కూడా.

అందుకే చివరికి ఆమెనే అడిగా, నీకేమనిపించింది బిడ్డా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "అక్కడ బెంచీ మీద ఒకామె నా చెయ్యి పట్టుకుంది మేడం. నేను డాక్టరు కాదు అని చెప్పినా ఇడువలేదు." అంతే. నాన్న ఫోన్ తీసి మీసేవ అబ్బాయికి చెప్పాడు, ఒకటే ఆప్షన్ అని. ఒకటే పెట్టాం, వస్తే వెళ్తుంది, రాకపోతే ఉన్నచోటే చదువుతుంది. వచ్చింది.

తర్వాత జరిగింది కూడా రాయాలి, కేసు అంటే సీటు వచ్చేదాకానే కాదు కదా. మొదటి ఇంటర్నల్స్‌లో అనాటమీ పోయింది, ఫిజియాలజీ అంచు మీద బయటపడింది. రాత్రి ఫోన్ చేసి ఏడ్చింది, ఆ ప్రైవేట్ కాలేజీ సార్ గుర్తొస్తున్నారు మేడం అంది, నాకు చాలా బాధేసింది. గాంధీలో చదువుతున్న మా బంధువుల అమ్మాయిని జత చేశా, ఆదివారం ఆదివారం వీడియో కాల్‌లో బోన్ చేతిలో పట్టుకుని చెప్పేది, మా కాలం నాటి నా బోన్ సెట్ అటక మీద నుంచి దింపి పంపించా. ఫస్ట్ ఇయర్ ఒకే దెబ్బకి పాస్ అయ్యింది. హాస్టల్ పేరెంట్స్ అరవై మంది సంతకాలతో ప్రిన్సిపాల్‌కి, కలెక్టర్‌కి అర్జీ పెడితే మూడో నెలకి బస్సు వచ్చింది, లైట్లు ఇంకో నాలుగు నెలలకి వచ్చాయి. డ్యూటీ గది గడియ మాత్రం వాళ్ల నాన్నే, ఒక శనివారం కొట్టు మూసి, స్క్రూడ్రైవర్, ఇనుప గడియ సంచిలో వేసుకుని వెళ్లి సూపరింటెండెంట్‌ని అడిగి బిగించి వచ్చాడు. కూతురు అందులో పడుకోవడానికి ఇంకో మూడేళ్లుంది. ఇప్పుడు ఎవరో సిస్టర్లు పడుకుంటున్నారుగా అన్నాడు.

అనాటమీ ప్రొఫెసర్ పోస్టు ఇప్పటికీ ఖాళీనే. నేను వదిలేసింది ఒకటుంది, సెకండ్ ఇయర్ డిపార్ట్‌మెంట్లు ఆ రోజు చూడలేదు, ఫార్మకాలజీలో మనుషులు తక్కువున్నారని ఇప్పుడు తెలుస్తోంది, ఇక మీద వెళ్లినప్పుడు అన్ని డిపార్ట్‌మెంట్ల బోర్డులూ చదవాలి.

మొన్న సంక్రాంతికి అమ్మాయి ఇంటికొచ్చినప్పుడు సకినాలు తెచ్చింది. క్లినికల్ పోస్టింగులు మొదలయ్యాయి, గైనిక్‌లో రెండు వారాలు వేశారట. ఫీటోస్కోప్ పెట్టి బిడ్డ గుండె వినమన్నారు, ఎంత వెతికినా దొరకలేదట, చెమటలు పట్టాయట. తండా నుంచి వచ్చిన ఒకామె, నాలుగో కాన్పు, చూసి చూసి తనే ఈ పిల్ల చేయి పట్టుకుని బొడ్డుకి కింద ఎడమ వైపు జరిపి "ఈడ పెట్టు బిడ్డా" అందట. పెట్టింది, వినిపించింది, గడియారం చూసి లెక్కపెట్టింది, 142. సిస్టర్ డాప్లర్ మిషన్ పెట్టి చూస్తే 144.